బెలూం గుహల స్టాలగ్మైట్‌తో రాయలసీమ పాత వానల లెక్క తీయొచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. జియాలజీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం బెలూం చుట్టుపక్కల గుహ నుంచి ఒక స్టాలగ్మైట్ (కప్పు నుంచి కారే చుక్కల కింద నేల మీద పెరిగే సున్నపు స్తంభం) తీసి, అందులోని ఆక్సిజన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు) కొలిపించి, గత రెండు మూడు వేల ఏళ్లలో రాయలసీమలో పడిన వానల గ్రాఫ్ గీయొచ్చా? ఎంత రాతిపొడి కావాలి, ఎన్నిచోట్ల వయసు కట్టించాలి, ఎక్కడ బెడిసికొడుతుంది?

గీయొచ్చు. కాకపోతే ఆ గ్రాఫ్ పక్కన ‘వర్షపాతం, మిల్లీమీటర్లలో’ అని రాయడానికి వీల్లేదు. రాయిలో నమోదయ్యేది కప్పు నుంచి ఆ ఒక్కచోట కారిన నీటి రసాయనం. పైన పడిన వానకూ ఆ చుక్కకూ మధ్య మట్టి ఉంది, చెట్లున్నాయి, రాతి పగుళ్లున్నాయి. బస్తర్‌లోనో మేఘాలయలోనో ఆ తేడాను కొంతవరకు సర్దుకోవచ్చు. రాయలసీమలో అంత తేలిక కాదు. అందుకే రాయి కోయడం కంటే ముందు చుక్కను చదవాలంటాను.

రాయి ఎలా పెరుగుతుందో మీకు తెలిసే ఉంటుంది. వేర్లూ సూక్ష్మజీవులూ మట్టిలో వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను వాననీరు కలుపుకుని, సున్నపురాయిని కరిగించుకుంటూ దిగుతుంది. గుహ గాలిలో ఆ వాయువు మట్టిలో ఉన్నంత ఉండదు. అందువల్ల చుక్క బయటికి రాగానే వాయువు వదిలేస్తుంది, పలుచని కాల్సైట్ (సున్నపు ఖనిజం) పొర మిగులుతుంది. ఉప్పు మడిలో నీరు ఎండి ఉప్పు తేలినట్టు ఏర్పడే పొర కాదిది. అలా ఎండి ఏర్పడిన పొర మన పనికి రాదు: ఆవిరయ్యేటప్పుడు తేలిక ఆక్సిజన్-16 ముందు వెళ్లిపోయి, బరువైన ఆక్సిజన్-18 విలువ వానతో సంబంధం లేకుండా పెరుగుతుంది. కాబట్టి గుహలో చూడాల్సిన మొదటి సంగతి గాలి. తేమ 95 శాతానికి పైన, ఉష్ణోగ్రత ఏడాది పొడవునా ఇంచుమించు ఒకేలా ఉన్న లోపలి గది కావాలి. సాధారణ తేమ సెన్సర్లు 95 దాటాక నమ్మదగ్గ లెక్క ఇవ్వవు. తడి బల్బు, పొడి బల్బు థర్మామీటర్లతో సరిచూసుకోండి.

ఆ లెక్కన బెలూంలో పర్యాటకులు తిరిగే భాగం వద్దు. లైట్లు, గాలి గొట్టాలు, జనం ఊపిరి కలిసి అక్కడి గాలిని మార్చేశాయి. బొర్రాది మరో ఇబ్బంది. నోరు చాలా పెద్దది, లోపల గోస్తని పారుతుంది, నారింజ రంగు సూక్ష్మజీవుల పొరలు చాలాచోట్ల కనబడతాయి. అక్కడ చుక్కలకు కొదవలేదు గానీ, వాతావరణ రికార్డుకు లోపలి మూల గదులు తప్ప మిగతావి పనికిరావు.

ఇప్పుడు అసలు చిక్కు. బెలూం ఉన్నది నార్జి సున్నపురాయిలో, అంటే ఇళ్లలో పరుచుకునే నాపరాయిలోనే. పైన చదును నేల, సాగు పొలాలు. ఏడాది వాన ఏడొందల మిల్లీమీటర్లకు అటూఇటూ. ఇక్కడి ఎండ ఆవిరి చేయగల నీరు దానికి రెండింతల పైమాటే. చిన్న జల్లులు మట్టి పైపొర దాటకముందే పోతాయి. గుహదాకా దిగేది ఏడాదిలో పడే కొద్దిపాటి భారీ వానల నీరే. నల్లరేగడి ఉన్నచోట ఇంకో మెలిక: ఎండాకాలంలో నేల నెర్రెలిస్తే తొలకరి నీరు మట్టిలో ఇంకకుండా ఆ నెర్రెల గుండా నేరుగా దిగిపోతుంది. నేల తడిసి నెర్రెలు పూడుకున్నాక దారి మారుతుంది. ఒకే చుక్క జూన్‌లో ఒక కథ, అక్టోబరులో మరో కథ చెబుతుంది.

నైరుతి ఒక్కటే అయితే ఫర్వాలేదు. నంద్యాల వైపు అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం వాయుగుండాల వానలూ పడతాయి. దక్షిణ భారతంలో ఈ ఈశాన్య కాలపు వానల్లో ఆక్సిజన్-18 విలువ నైరుతి వానల కంటే తక్కువగా ఉండటం మామూలే. నైరుతి అయ్యాక గంగా బ్రహ్మపుత్రల వరదనీరు కలిసి బంగాళాఖాతం పైనీరే తేలికై ఉంటుంది. దానికి తోడు తుపాను మేఘాలు బరువు ఐసోటోపులను దారిలోనే కురిపించేస్తూ వస్తాయి. అంటే మీ రాయిలో విలువ పడిపోయిందంటే దానికి రెండు అర్థాలు: నైరుతి బాగా కురిసి ఉండొచ్చు (వాన ఎక్కువైతే ఈ విలువ తగ్గుతుంది), లేదా నైరుతి మామూలుగానే ఉండి తుపాన్లు ఎక్కువై ఉండొచ్చు. ఛత్తీస్‌గఢ్ కాంగేర్ లోయలోని దండక్ గుహ స్టాలగ్మైట్‌తో ఇలాంటి వానల రికార్డు కట్టారు, అక్కడ ఈ సమస్య చిన్నది. అక్కడ వానలో అత్యధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరులోపే పడుతుంది. దండక్ పద్ధతిని యథాతథంగా బెలూంకు దించితే లెక్క తప్పేది ఇక్కడే.

అందుకని కనీసం ఒక పూర్తి నీటి సంవత్సరం (ఒక వానాకాలం మొదలు నుంచి మరో వానాకాలం మొదలు దాకా), వీలైతే రెండు మూడు, చుక్కలను గమనించండి. మీరు తీయాలనుకున్న రాయి మీద పడే చుక్కే ముఖ్యం, పక్కనున్నది కాదు. ఒక చుక్క ఏడాదంతా ఒకే వేగంతో పడుతుంటే, దాని వెనక పెద్ద నిల్వ ఉంది, కొన్నేళ్ల నీరు కలిసిపోయి వస్తోంది. వాన పడిన మర్నాడే జోరందుకునే చుక్కకు నేరు పగులు ఉంది. మొదటిది దశాబ్దాల సగటుకు బాగుంటుంది, రెండోది ఒక్కో వానాకాలాన్ని పట్టిస్తుంది గానీ కరువులో ఆగిపోతుంది. శబ్దంతో లెక్కించే చుక్కల లాగర్ దొరికితే మంచిది, లేకపోతే స్టాప్‌వాచ్ చాలు. పదిహేను రోజులకోసారి చుక్కనీటిని చిన్న సీసాలో అంచుదాకా నింపి, గాలి బుడగ లేకుండా మూత బిగించండి. పీహెచ్, విద్యుత్ వాహకత అక్కడికక్కడే కొలవాలి. సీసా గది దాటితే వాయువు పోయి పీహెచ్ మారిపోతుంది. పైన వాననీరు పట్టే పాత్రలో ఆవిరి ఆపడానికి పారఫిన్ నూనె పోయడం పాత పద్ధతి. నీటిని లేజర్ యంత్రంలో కొలిపించేట్టయితే నూనె వద్దు, యంత్రం పాడవుతుంది. సన్నని గొట్టం సీసా అడుగుదాకా దిగే నమూనా పాత్ర వాడండి.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. పైన పొలానికి బోరు నీళ్లు పారుతున్నాయేమో రైతును అడగండి. పారుతుంటే ఎండాకాలంలో కారే చుక్క వాన చుక్క కాదు, దాని ఆధారంగా కట్టిన కాలిబ్రేషన్ (వానకూ చుక్కకూ ముడిపెట్టే లెక్క) అంతా వృథా.

చుక్క కింద ఒక వాచ్‌గ్లాస్ (గుంటగా ఉండే చిన్న గాజు పళ్లెం) పెట్టి ఐదారు నెలల తర్వాత దానిమీద పేరుకున్న కాల్సైట్‌ను గీకి కొలిపించండి. లెక్క ఇలా సరిచూడాలి: చుక్కనీరు సముద్రజలాన్ని సున్నాగా తీసుకునే ప్రమాణంపై మైనస్ 3 పర్ మిల్ (వెయ్యికి మూడు వంతులు తక్కువ), గుహ 27 డిగ్రీలు అనుకుందాం. నీటికీ కాల్సైట్‌కూ మధ్య ఐసోటోపుల పంపకాన్ని లెక్కించే కిమ్–ఓనీల్ సమీకరణం ప్రకారం కాల్సైట్, ఇలాంటి రాళ్లకు వాడే పీడీబీ ప్రమాణంపై మైనస్ 5.8 దగ్గర రావాలి. నిజమైన గుహల్లో దీనికంటే అర నుంచి ఒక పర్ మిల్ బరువుగా రావడం మామూలే. మీకు మైనస్ 4 వచ్చిందంటే ఆవిరి గానీ వాయువు మరీ వేగంగా పోవడం గానీ జరుగుతోంది. ఆ గదిలోని రాయి వద్దు.

రాయి ఎంపికకు వస్తే, కిందినుంచి పైదాకా ఒకే లావున్న కొవ్వొత్తి ఆకారం వెతకండి. చుక్క వేగం చాలాకాలం నిలకడగా ఉందనడానికి అది గుర్తు. ఎక్కడికక్కడ లావు మారేవి, చెట్టు మొద్దులా పరుచుకున్నవి తీయకండి. వీలైతే ఇప్పటికే విరిగి పడి ఉన్నది తీసుకోండి. అయితే అది ఎక్కడినుంచి పడిందో, పైకొస ఏదో తెలియాలి. నిలబడి ఉన్నది కావాలంటే ముందు అడుగున వేలంత కూడా లేని కోర్ (గుండ్రని రాతి కడ్డీ) తీసి వయసు కట్టించండి. రెండు మూడు వేల ఏళ్లు కావాలనుకుని తీస్తే, అది లక్ష ఏళ్ల కిందటే పెరగడం ఆగిన రాయి అని తేలడం అరుదేమీ కాదు. కోసేశాక వెనక్కి పెట్టలేం. బెలూం, బొర్రాల్లోనూ కాంగేర్ నేషనల్ పార్కులోనూ రాతపూర్వక అనుమతి లేకుండా చిన్న ముక్క కూడా ముట్టుకోవద్దు. అది నేరం.

రాయిని పెరిగిన అక్షం వెంట నీళ్లు పోస్తూ డైమండ్ రంపంతో నిలువునా కోయించి పాలిష్ పెట్టండి. పారదర్శకంగా గట్టిగా ఉన్న పొరలు మంచివి. సుద్దలా తెల్లగా ఉన్నచోట రంధ్రాలుంటాయి, అక్కడ యురేనియం కడుక్కుపోయి వయసు తప్పొచ్చు. గోధుమ రంగు మట్టి గీత కనిపిస్తే దానికి అటూ ఇటూ కాలం తెగి ఉందనే అనుమానించండి. సూదుల్లాంటి స్ఫటికాలుంటే అరగోనైట్ (కాల్సైట్ పదార్థానికే మరో స్ఫటిక రూపం) కావచ్చు, ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో తేల్చుకోండి. ఇది తప్పక చేయాల్సిన పని. ఒకే నీటి నుంచి ఏర్పడినా అరగోనైట్ ఆక్సిజన్ విలువ కాల్సైట్ కంటే సుమారు 0.6 నుంచి 0.8 పర్ మిల్ ఎక్కువ ఉంటుంది. ఈ రెంటి మధ్య మారిన రాయిని చూసి ‘కరువు వచ్చింది’ అని రాసేస్తే నవ్వులపాలవుతారు. అరగోనైట్ చెడ్డదని కాదు. దానిలో యురేనియం ఎక్కువ, వయసు చక్కగా వస్తుంది.

వయసు కట్టడమే ఈ పనికి వెన్నెముక. యురేనియం నీటిలో కరుగుతుంది, థోరియం దాదాపు కరగదు. కాబట్టి పొర పుట్టినప్పుడు యురేనియం మాత్రమే చేరుతుంది, లోపల కనిపించే థోరియం-230 అంతా దానినుంచి పుట్టిందే అనుకుంటాం. థోరియం-230 అర్ధాయువు సుమారు 75,600 ఏళ్లు. పద్ధతి ఆరు లక్షల ఏళ్ల దాకా పనిచేస్తుంది. చైనా గుహల రికార్డును 6.4 లక్షల ఏళ్ల దాకా పొడిగించి 2016లో ప్రచురించారు. ఒక్కో వయసుకు 100 నుంచి 200 మిల్లీగ్రాముల పొడి, పొర వెంటే, మందం ఒక మిల్లీమీటరు మించకుండా డెంటిస్టు డ్రిల్‌తో తీయాలి. మొదట మూడే చోట్ల కట్టించండి: కొస, అడుగు, మధ్యలో అనుమానపు గీత దగ్గర. అవి బాగుంటేనే మిగతావి. 20 సెంటీమీటర్ల రాయికి మొత్తం పది పదిహేను వయసులు ఉంటే లెక్క నిలబడుతుంది.

కుర్ర రాళ్లను దెబ్బతీసేది మట్టితో వచ్చిన థోరియం. సంఖ్యలతో చూడండి. రాయిలో యురేనియం 200 పీపీబీ (వందకోట్ల భాగాల్లో 200), థోరియం-232 ఒక పీపీబీ ఉన్నాయనుకుందాం. యురేనియం-234, 238ల యాక్టివిటీ (రేడియోధార్మిక క్షయ వేగం) నిష్పత్తి ఒకటే అనుకుని, మట్టిలో థోరియం-230, 232ల నిష్పత్తికి మామూలుగా వాడే పదిలక్షలకు 4.4 విలువ వేస్తే, దిద్దుబాటు సుమారు 145 ఏళ్లు వస్తుంది. ఆ 4.4లోనే 50 శాతం అనిశ్చితి ఉంది కాబట్టి వయసుకు ప్లస్ ఆర్ మైనస్ 70 ఏళ్లకు పైగా అదనంగా చేరుతుంది. థోరియం పది పీపీబీ అయితే దిద్దుబాటు 1,450 ఏళ్లు, అనిశ్చితి ఏడొందలకు పైన. రెండు వేల ఏళ్ల రికార్డుకు అది ఎందుకూ పనికిరాదు. యంత్రం ఎంత ఖరీదైనదైనా ఈ దోషాన్ని సరిచేయలేదు. శుభ్రమైన రాయిని ఎంచుకోవడమే దారి. దుమ్ము రేగే గుహ ద్వారం దగ్గర, వరద బురద చేరే నేల దగ్గర తీసిన రాళ్లు ఇక్కడే ఓడిపోతాయి.

కార్బన్-14తో చౌకగా కానిద్దామనిపించొచ్చు. చుక్కలోని కార్బన్‌లో కొంత ఎప్పటిదో సున్నపురాయి నుంచి వస్తుంది, దానిలో కార్బన్-14 ఉండదు. ఆ మృత కార్బన్ 15 శాతం ఉంటే వయసు 1,300 ఏళ్లు ఎక్కువ చూపుతుంది. పైగా ఆ శాతం కాలంతో మారుతుంది. ఒకచోట మాత్రం అది బాగా పనికొస్తుంది. 1960లలో అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 రాయి కొసలో కనిపిస్తే, ఆ రాయి ఇటీవలి దాకా పెరుగుతూనే ఉందని ఖాయం.

ఇక పొడి తీయడం. ఏడాదికి 50 మైక్రాన్లు పెరిగే రాయి 20 సెంటీమీటర్లుంటే నాలుగు వేల ఏళ్లు. అర మిల్లీమీటరుకు ఒక నమూనా అంటే పదేళ్లకొకటి, మొత్తం 400. మైక్రోమిల్ అనే సూక్ష్మ డ్రిల్‌తో 0.1 మి.మీ. వెడల్పు, అంతే లోతు, 5 మి.మీ. పొడవు గాడి తవ్వితే 0.135 మిల్లీగ్రాములు వస్తుంది, ఐసోటోపులను కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు అది చాలు. గాడి పొరకు సమాంతరంగా ఉండాలి. కొద్దిగా వంకరపోయినా పక్క ఏళ్లు కలిసిపోతాయి. ప్రతి నమూనాకూ మధ్య డ్రిల్ మొనను పలుచటి ఆమ్లంతో తుడిచి, గాలి కొట్టి శుభ్రం చేయండి. డ్రిల్ వేగం తక్కువలో పెట్టండి, వేడెక్కితే అరగోనైట్ కాల్సైట్‌గా మారుతుంది. ల్యాబ్ నుంచి వచ్చే ఆక్సిజన్ విలువకు 0.08, కార్బన్‌కు 0.05 పర్ మిల్ దాకా పొరపాటు సహజం. ఆ లోపలి ఎగుడుదిగుళ్లకు అర్థం వెతక్కండి.

ఒకే పొర వెంట ఐదారు చోట్ల కొలిచి విలువ మారుతోందేమో చూసే హెండీ పరీక్షను పాఠ్యపుస్తకాలు తప్పనిసరి అంటాయి. పక్కలకు పోయేకొద్దీ పొరలు పలచబడి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, అదే పొర మీద ఉన్నామన్న నమ్మకం ఉండదు. నా దృష్టిలో దానికంటే గట్టి పరీక్ష వేరే చుక్క కింద పెరిగిన రెండో రాయి. రెండూ ఒకే కథ చెబితే అది వాతావరణం, వేర్వేరుగా చెబితే అది కప్పు పగులు. బస్తర్‌లో దండక్ గుహ రికార్డును ఆ ప్రాంతంలోనే ఉన్న జుమార్ గుహ రికార్డుతో కలిపి చూశారు కాబట్టే దానికి అంత విలువ.

అర్థం చెప్పేటప్పుడు ఉష్ణోగ్రతను మరిచిపోకండి. ఒక డిగ్రీ పెరిగితే కాల్సైట్ విలువ సుమారు 0.2 పర్ మిల్ తగ్గుతుంది. మంచుయుగం దాకా వెళ్తే సముద్రజలమే ఒక పర్ మిల్ బరువుగా ఉండేది, అదీ తీసేయాలి. కర్నూలు ప్రాంతంలోని వాల్మీకి గుహ రాయి మీద హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 2014లో ప్రచురించిన రికార్డు సుమారు 15,700 నుంచి 14,700 ఏళ్ల కిందటిది, ఈ దిద్దుబాట్లు ఎలా చేయాలో చూడటానికి మనకు దగ్గరి ఉదాహరణ. నెలకు వంద మిల్లీమీటర్ల వానకు ఒకటిన్నర పర్ మిల్ తగ్గుతుందనే సూత్రం ఉష్ణమండల దీవుల్లో కట్టింది. దాన్ని నంద్యాలకు అతికించి మిల్లీమీటర్లలో చెప్పడం సరికాదు. పొడి కాలాన్ని నిర్ధారించుకోవాలంటే అదే పొడిలో మెగ్నీషియం, స్ట్రాన్షియం కూడా కొలిపించండి. నీరు తక్కువైనప్పుడు కప్పులోనే కాల్సైట్ ముందుగా దిగిపోయి, చుక్కలో కాల్షియంతో పోలిస్తే రెండూ పెరుగుతాయి. రెండింటి లాగరిథమ్‌ల మధ్య వాలు 0.7 నుంచి 1.45 మధ్య ఉంటే అదే కారణమని చెప్పొచ్చు. ఆక్సిజన్, కార్బన్ ఐసోటోపుల విలువలు, మెగ్నీషియం మూడూ కలిసి పెరిగితే పొడి కాలమని ధైర్యంగా రాయండి.

చివరికి అందరూ అడిగేది: ధాత కరువు కనిపిస్తుందా? 1876–78 అంటే పైన చెప్పిన రాయిలో 0.1 నుంచి 0.15 మి.మీ. అర మిల్లీమీటరు నమూనాలో అది కరిగిపోతుంది, కప్పులో నీరు కలిసిపోతే ఇంకా మసకబారుతుంది. పైగా అంతటి కరువులో చుక్క ఆగిపోతే పొరే ఉండదు. అందువల్ల రాయలసీమ రాళ్లలో కరువుకు మొదటి గుర్తు విలువ పెరగడం కన్నా పొర లేకపోవడం. సన్నని మట్టి గీతలను మైక్రోస్కోపులో చూసి లెక్కపెట్టండి. దశాబ్దాల కరువులైతే దొరుకుతాయి. దండక్ రికార్డులో పద్నాలుగో శతాబ్దపు దీర్ఘకాల బలహీన ఋతుపవనాలు స్పష్టంగా కనిపిస్తాయి, 1396లో మొదలైన దుర్గాదేవి కరువు కూడా ఆ కాలానికే చెందుతుంది. అక్కడ వయసులు గట్టిగా ఉన్నాయి గనక ఆ మాట అనగలిగారు. మీ వయసుల్లో ప్లస్ ఆర్ మైనస్ 40 ఏళ్లుంటే 1323లో ఓరుగల్లు పతనానికి ఆ రాయిని సాక్షిగా నిలబెట్టకండి. వయసుల మధ్య గీతను చేత్తో కలపకుండా కోప్రా, స్టాల్‌ఏజ్ లాంటి ప్రోగ్రాములతో కట్టి, అనిశ్చితి పట్టీతో సహా గ్రాఫ్‌లో చూపండి.

ఆరు నెలల ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఇదంతా ఒదగదు. జూన్‌లో మొదలుపెట్టి నవంబరు దాకా చుక్కనీరు, వాననీరు, వాచ్‌గ్లాస్ కాల్సైట్ చేయండి. నైరుతి నీరు, తుపాను నీరు విడిగా కనిపిస్తున్నాయో లేదో తేలితే అదే ప్రచురించదగ్గ పని. పాత రికార్డులతో సాధన చేయడానికి సిసల్ డేటాబేస్‌లో ప్రపంచ గుహల డేటా ఉచితంగా ఉంది. రాయి అంటూ కోస్తే, ఒక సగాన్ని ముట్టుకోకుండా భద్రపరచండి. రెండో సగం మీద కొస నుంచి లోతు ఎక్కడ సున్నాగా మొదలుపెట్టారో చెక్కి గుర్తు పెట్టి, ప్రతి గాడినీ స్కేలుతో ఫొటో తీయండి. వయసులు ఒక ల్యాబ్‌లో, ఐసోటోపులు మరో ల్యాబ్‌లో కొలిపించినప్పుడు ఆ సున్నా రెండు మిల్లీమీటర్లు అటూఇటూ అయితే, పైన చెప్పిన పెరుగుదలలో నలభై ఏళ్లు తప్పుతాయి.